గురుకులంలో టెన్త్ చివరి రెండు నెలలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు ట్రంకు పెట్టెలతో తిరిగి గురుకులం చేరిన రోజు నుంచి టెన్త్ బ్యాచ్‌లో ఒకే రకం సందేహాలు మొదలవుతాయి. బ్యాచ్ ఏటా మారుతుంది కానీ ప్రశ్నలు మారవు. అందుకే తెలంగాణ గురుకులాల్లో పిల్లలూ తల్లిదండ్రులూ మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఒకచోట రాసి పెట్టాం. వేళలు ఒక్కో గురుకులంలో అరగంట అటూ ఇటూ ఉంటాయి. నీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## సంక్రాంతి తర్వాత, ప్రీ ఫైనల్స్ దాకా

పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా గంట కొడుతూనే ఉంటారు. ఇందులో నేను సొంతంగా చదువుకునే టైమ్ ఎంత?

కాగితం మీద ఐదు గంటలు. పొద్దున 5:30 నుంచి 7 దాకా, సాయంత్రం 5:30 నుంచి 7 దాకా, రాత్రి 8 నుంచి 10 దాకా. కానీ హాజరు తీసుకోవడం, చాప పరుచుకోవడం, పెన్ను వెతుక్కోవడం, పక్కవాడిని పేజీ నంబర్ అడగడం, ఇవన్నీ పోతే చేతికి మిగిలేది మూడున్నర గంటలే. పోయిన ఆ గంటన్నరను వెనక్కి తెచ్చుకోవడం రాత్రి మేల్కొని చదవడం కంటే చాలా సులువు. స్టడీ అవర్‌కి వెళ్లే ముందే ఏ పాఠం, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా అన్నది చిన్న చీటీ మీద రాసుకుని పుస్తకంలో పెట్టుకో. పొద్దున పూట బయాలజీ, సోషల్ లాంటి గుర్తుంచుకోవాల్సినవి పెట్టుకో. సాయంత్రం లెక్కలు, ఫిజికల్ సైన్స్ చెయ్యి. అవి రాస్తూ చేసేవి కాబట్టి ఒళ్లు అలసినా చెయ్యి కదులుతుంది. రాత్రి చివరి అరగంట ఆ రోజు స్లిప్ టెస్టులో తప్పు పోయిన ప్రశ్నలకే.

రాత్రి అందరూ పడుకున్నాక దుప్పట్లో టార్చ్ వేసుకుని చదివితే ఎక్కువ మార్కులు రావా?

రావు, పైగా తగ్గుతాయి. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. పదింటికి పడుకుని ఐదింటికి లేస్తే ఏడు గంటలు. నీ వయసుకు అది నిజానికి తక్కువే, ఎనిమిది గంటలైనా కావాలి. అందులోంచి ఇంకో గంటన్నర దొంగిలిస్తే మర్నాడు మూడో పీరియడ్‌లో కళ్లు మూతపడతాయి. ఆ రోజు టీచర్ చేయించిన లెక్క పోతుంది. రాత్రి సంపాదించిన గంటకు పగలు మూడు గంటలు చెల్లించినట్టు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు డెస్కు మీద తల వాల్చనిస్తే వాడుకో. అరగంట దాటితే లేచాక మత్తుగా ఉంటుంది కాబట్టి లేపమని పక్కవాళ్లకు చెప్పు.

స్టడీ అవర్‌లో పుస్తకం తెరవగానే నిద్ర ముంచుకొస్తోంది. ఏం చెయ్యాలి?

రాత్రి పూట అయితే మొదటి కారణం భోజనం. పళ్లెం నిండా అన్నం, సాంబారు తిని అరగంటలో కూర్చుంటే ఎవరికైనా నిద్ర వస్తుంది. ఒక గరిటె తగ్గించి, కూర, పప్పు, గుడ్డు మానకుండా తిను. రెండోది, కదలకుండా కళ్లతో చదవడం. పది నిమిషాలు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రఫ్ నోట్సులో రాయి. చెయ్యి కదిలితే నిద్ర రాదు. స్టడీ టీచర్‌ను అడిగి గోడ పక్కన పావుగంట నిలబడి చదువుకో, చాలామంది ఒప్పుకుంటారు.

మూడో కారణాన్ని ఎవరూ పట్టించుకోరు, అది రక్తం తక్కువగా ఉండడం. మెట్లెక్కితే ఆయాసం, కనురెప్ప లోపల పాలిపోవడం, ఎప్పుడూ నీరసం ఉంటే స్టాఫ్ నర్సుకు చెప్పి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారెయ్యకు. అన్నం తిన్నాక వేసుకో, దాంతో టీ తాగకు. టీ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది మాత్ర వల్లే.

మ్యాథ్స్‌లో ఫెయిలవుతానేమో. ఇప్పుడు మొదలుపెట్టినా పాసవుతానా?

అవుతావు. పబ్లిక్ పేపరు 80 మార్కులకు, అందులో 28 వస్తే పాస్. ఇంటర్నల్ 20 మార్కులు వేరు, వాటితో ఈ 28ని భర్తీ చేసుకోలేవు. పేపర్లో పార్ట్ ఎ 60 మార్కులు (రెండు మార్కులవి 6, నాలుగు మార్కులవి 6, ఆరు మార్కులవి 4), పార్ట్ బి 20 బిట్లు.

అన్ని పాఠాలూ పట్టుకోకు. ఒక వరుస పెట్టుకో. ముందు సమితులు, సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం. వీటికి వెనకటి తరగతుల లెక్కలు పెద్దగా అక్కర్లేదు, పద్ధతి పట్టుబడితే మార్కులు ఖాయం. తర్వాత శ్రేఢులు, నిరూపక జ్యామితి. వీటిలో సూత్రాలు కొద్దే, వాటిలో విలువలు పెట్టడమే పని. ఆ తర్వాత గీసే లెక్కలు: సరూప త్రిభుజ నిర్మాణం, వృత్తానికి స్పర్శరేఖల నిర్మాణం, రేఖీయ సమీకరణాల గ్రాఫు. గీసేవాటికి భయపడి వదిలేస్తారు గానీ, రోజుకొకటి చొప్పున పది రోజులు గీస్తే చెయ్యి తిరుగుతుంది. గ్రాఫులో మార్కులు పోయేది గీత దగ్గర కాదు, స్కేలు రాయకపోవడం దగ్గర, అక్షాలకు పేర్లు పెట్టకపోవడం దగ్గర.

చేసిన లెక్కనే మళ్లీ మూడు రోజుల తర్వాత పుస్తకం చూడకుండా చెయ్యి. అప్పుడు ఎక్కడ ఆగిపోయావో అదే నీకు రాని మెట్టు, టీచర్‌ను ఆ మెట్టే అడుగు. ‘లెక్కలు రావు సార్’ అంటే ఆయన ఏమీ చెయ్యలేడు. ‘పదాల సంఖ్య n కనుక్కునే దగ్గర ఆగిపోతున్నా’ అంటే ఐదు నిమిషాల్లో చెప్తాడు.

స్లిప్ టెస్టుల్లో మంచి మార్కులే. ప్రీ ఫైనల్‌కి వచ్చేసరికి ఎందుకు పడిపోతున్నాయి?

స్లిప్ టెస్టు నిన్న చదివిన ఒక్క పాఠం మీద. ప్రీ ఫైనల్ జూన్‌లో చదివిన పాఠం మీద కూడా. మరిచిపోవడం నీ తెలివి లోపం కాదు, మళ్లీ చూడకపోవడం వల్ల జరిగింది. వారానికి ఒక రోజు, ఆదివారం పొద్దున అనుకో, కొత్తది ఏదీ ముట్టకుండా పాత పాఠాల ప్రశ్నలే రాయి. ఇంకో కారణం, మూడు గంటలు ఏకధాటిగా రాసే అలవాటు లేకపోవడం. రెండో గంట దాటాక చెయ్యి లాగి, అక్షరం చెడి, ఆఖరి ప్రశ్నలు రెండు ముక్కల్లో ముగించేస్తారు. ఒక్కసారైనా పాత ప్రశ్నపత్రం పెట్టుకుని 9:30 నుంచి 12:30 దాకా లేవకుండా రాసి చూడు.

నా నోట్సు ఎవరో తీసుకెళ్లారు. ఇప్పుడెలా?

ఆ రోజే హౌస్ టీచర్‌కు చెప్పు, రెండు రోజులు ఆగితే దొరకదు. పోయినదాన్ని మళ్లీ మొత్తం రాయడం మొదలుపెట్టకు, అందుకు టైమ్ లేదు. పాఠ్యపుస్తకం, ఒక స్నేహితుడి నోట్సు చాలు. అట్ట మీదే కాకుండా నడిమి పేజీలో కూడా పేరు రాసి పెట్టుకుంటే ఇక ముందు గుర్తుపట్టడం తేలిక.

## చివరి నెల: ఒళ్లు, తిండి, మనసు

చేతి వేళ్ల సందుల్లో దురద. రాత్రయితే నిద్ర పట్టడం లేదు. ఇది గజ్జేనా?

వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న పొక్కులు, రాత్రి పూట ఎక్కువయ్యే దురద ఉంటే చాలావరకు గజ్జే. ఒంటి మీద బతికే కంటికి కనపడని పురుగు వల్ల వస్తుంది. తువ్వాలు, దుప్పటి, పక్క పంచుకుంటే అంటుకుంటుంది. సిగ్గుపడి దాచుకుంటే డార్మిటరీ మొత్తానికి పాకుతుంది, పరీక్షల వారంలో గోక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

స్టాఫ్ నర్సు ఇచ్చే 5 శాతం పర్మెత్రిన్ క్రీమును రాత్రి, స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక, మెడ నుంచి అరికాళ్ల దాకా పట్టించాలి. పొక్కులున్న చోట మాత్రమే రాస్తే తగ్గదు, అందరూ చేసే తప్పు ఇదే. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, బొడ్డులో కూడా రాయాలి. పొద్దున స్నానం చెయ్యాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ రాసుకోవాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. గదిలో ఉన్న అందరూ ఒకే రాత్రి రాసుకోకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. ఆ రోజే బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యాలి. పురుగు చచ్చిన తర్వాత కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు, మందు పనిచెయ్యలేదని రోజూ రాసుకోవద్దు.

ఆటలమ్మ వచ్చింది. పరీక్ష రాయనిస్తారా?

రాయనిస్తారు. వేరే గదిలో కూర్చోబెట్టి రాయించడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అయితే ప్రిన్సిపాల్ ముందుగానే సెంటర్ చీఫ్ సూపరింటెండెంట్‌కు చెప్పాలి, కాబట్టి మొదటి పొక్కు కనపడగానే చెప్పు. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా, అంటే దాదాపు ఐదారు రోజులు, ఇతరులకు అంటుతుంది. పక్కన పడుకున్నవారికి 10 నుంచి 21 రోజుల్లోపు రావచ్చు. ఫిబ్రవరి చివర్లో ఒకరికి వస్తే పరీక్షల్లో ఇంకొకరికి రావడానికి ఇదే కారణం. వేపాకు పక్క మీద వేసుకుంటే నష్టం లేదు. కానీ స్నానం మాన్పించడం, ఉప్పు, పప్పు, గుడ్డు మాన్పించడం తప్పు. జ్వరానికి ఆస్పిరిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, నర్సు ఇచ్చే పారాసిటమాల్ చాలు. మందు ఏదైనా మొదటి రోజే ఫలితం ఎక్కువ, డాక్టర్‌కు చూపించడం వాయిదా వెయ్యకండి.

మెస్ అన్నం సహించడం లేదు. బిస్కెట్లు, మిక్చర్‌తో గడిపేస్తే కాదా?

కాదు. బిస్కెట్లతో గంటలో మళ్లీ ఆకలేస్తుంది, మిక్చర్‌తో దాహం. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి 8–10 తరగతుల డైట్ ఛార్జీని నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలకు పెంచింది. రోజుకు యాభై రూపాయల చిల్లర. ఆ డబ్బుతో వచ్చే గుడ్డు, పాలు, గుగ్గిళ్లు నీ హక్కు, వాటిని వదులుకోకు. వంట నిజంగా బాగాలేకపోతే ఎవరికి వారు మానెయ్యకుండా మెస్ కమిటీలో ఉన్న పిల్లల ద్వారా తారీఖు వేసి రాతపూర్వకంగా చెప్పండి. అన్నంలో పురుగు, వాసన వస్తే అక్కడికక్కడే టీచర్‌ను పిలిచి పళ్లెం చూపించండి.

పరీక్షల ముందు ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తోంది. నాకే ఇలా అవుతోందా?

నీకే కాదు. ఐదో తరగతి నుంచి హాస్టల్లో ఉన్నవాళ్లకు కూడా ఫిబ్రవరిలో ఇలా అవుతుంది, ఎందుకంటే ఇది ఇంటి బెంగ ఒక్కటే కాదు. ఇన్నేళ్లు కలిసి ఉన్న స్నేహితులు ఏప్రిల్‌లో విడిపోతున్నారన్న బెంగ కూడా అందులో ఉంది. ఏడ్చెయ్యి, తప్పు లేదు. ఒక్కడివే బాత్రూమ్‌లో కాకుండా నమ్మిన స్నేహితుడి దగ్గర, హౌస్ టీచర్ దగ్గర. సాయంత్రం ఆటల గంట మానకు, ఒళ్లు అలిస్తే రాత్రి మనసు కుదుటపడుతుంది. వారం దాటినా తిండి, నిద్ర లేకుండా ఉంటే, లేదా చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే పెద్దవాళ్లకు చెప్పాలి. హాస్టల్ ఫోన్ నుంచి టెలి మానస్ (మానసిక ఆరోగ్య సహాయ లైన్) 14416కు, చైల్డ్ లైన్ 1098కు డబ్బులు లేకుండా మాట్లాడొచ్చు, తెలుగులో మాట్లాడతారు. స్నేహితురాలు అలాంటి మాట అని ‘ఎవరికీ చెప్పకు’ అని ఒట్టు వేయించుకున్నా చెప్పు. ఆ ఒట్టు కంటే ఆమె ప్రాణం ముఖ్యం.

పరీక్ష రోజే నెలసరి వస్తే?

సంచిలో మూడు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత న్యూస్ పేపర్ ముందే పెట్టుకో. సెంటర్‌కు వెళ్లగానే బాత్రూమ్ ఎక్కడుందో చూసుకో. కడుపునొప్పి ఎక్కువగా ఉంటుందని తెలిస్తే, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో నర్సును ముందు నెలలోనే అడుగు, పరీక్ష రోజు కొత్త మాత్ర ప్రయోగించకు. నెలసరి వాయిదా వేసే మాత్రలు డాక్టర్ చెప్పకుండా వద్దు. మధ్యలో వెళ్లాల్సి వస్తే ఇన్విజిలేటర్‌తో ‘బాత్రూమ్ మేడమ్’ అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు.

రంజాన్ ఉపవాసంలో పరీక్ష రాయగలనా?

ఏటా చాలామంది రాస్తున్నారు. సహరీలో అన్నం లేదా రొట్టెతో పాటు గుడ్డు, పప్పు, పెరుగు తిని, నీళ్లు ఒక్కసారి కాకుండా ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొద్దికొద్దిగా తాగు. పొద్దున నాలుగింటికి లేస్తావు కాబట్టి రాత్రి చదువు తగ్గించి తొందరగా పడుకో, మిగిలింది సహరీ తర్వాత చదువుకో.

## పరీక్షల రోజులు

హాల్ టికెట్లో నా పేరు తప్పు పడింది. ఎవరిని అడగాలి?

ప్రిన్సిపాల్‌నే, హాల్ టికెట్ చేతికొచ్చిన రోజే. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోటో, మీడియం, సబ్జెక్టులు ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూడు. ఇదే పేరు, ఇదే తేదీ రేపు మెమో మీదికి వస్తాయి. తర్వాత మార్పించుకోవాలంటే నెలలు తిరగాలి. నువ్వే పెన్నుతో దిద్దకు.

పరీక్ష ముందు రాత్రి ఏం చదవాలి?

కొత్త పాఠం ఏదీ వద్దు. సూత్రాలు, పటాలు, నువ్వు తరచూ తప్పు చేసేవి. తొమ్మిదిన్నరకు పుస్తకం మూసి సంచి సర్దు: హాల్ టికెట్ పారదర్శక కవరులో, ఒకే రంగు సిరా పెన్నులు మూడు (కొత్తవైతే నాలుగు లైన్లు రాసి చూసి), పెన్సిల్, రబ్బరు, స్కేలు, వృత్తలేఖిని, అట్ట, నీళ్ల సీసా. మర్నాడు పొద్దున స్నానాల గదుల దగ్గర బకెట్ల వరస పెద్దది, హాస్టల్ పరీక్షా ఉదయాల్లో నిజమైన చిక్కు ఇదే. టెన్త్ వాళ్లకు ముందు వదలమని వారం ముందే హౌస్ కెప్టెన్లతో మాట్లాడి పెట్టుకోండి, లేదా రాత్రే స్నానం చేసెయ్యండి.

ఓఎంఆర్ షీట్ అంటేనే భయం. తప్పు చేస్తే పేపర్ పోతుందా?

కంగారు పడకపోతే తప్పు జరగదు. షీట్ (జవాబుల బుక్‌లెట్‌తో పాటు వచ్చే నీ వివరాల కాగితం) ఇవ్వగానే పెన్ను పట్టకుండా ముందు చదువు: పేరు నీదేనా, హాల్ టికెట్ నంబర్ నీదేనా, ఇవాళ్టి సబ్జెక్టేనా. పక్కవాళ్లది వచ్చి ఉంటే అప్పుడే చెయ్యెత్తు. ఒక్క అక్షరం రాసినా మార్చడం కష్టం. బార్‌కోడ్ మీద గీత, మడత పడకూడదు. జవాబుల బుక్‌లెట్ లోపల ఎక్కడా పేరు గానీ, హాల్ టికెట్ నంబర్ గానీ రాయకూడదు. అలవాటుగా పేజీ పైన రాసే ‘శ్రీ’, ‘ఓం’, శిలువ గుర్తు, 786 కూడా వద్దు. గుర్తుపట్టడానికి పెట్టిన చిహ్నంగా చూసే ప్రమాదం ఉంది. దణ్ణం మనసులో పెట్టుకో.

టైమ్ సరిపోవడం లేదు. ఎలా పంచుకోవాలి?

మ్యాథ్స్ లాంటి 80 మార్కుల పేపరుకు మూడు గంటలు. మొదటి 10 నిమిషాలు చదవడానికి. ఆరు మార్కుల ప్రశ్నల్లో ఏ నాలుగు రాస్తావో అప్పుడే టిక్ పెట్టుకో. రెండు మార్కులవాటికి 25 నిమిషాలు, నాలుగు మార్కులవాటికి 55, ఆరు మార్కులవాటికి 50, సరిచూసుకోవడానికి 10. అంటే రెండున్నర గంటలు, మిగిలిన అరగంట పార్ట్ బి బిట్లకు. ఫిజికల్ సైన్స్, బయాలజీ మాత్రం వేర్వేరు రోజుల్లో 40 మార్కులకు గంటన్నరే. అక్కడ మూడు గంటల లెక్కలో నింపాదిగా మొదలుపెట్టి మోసపోయేవాళ్లు ఎక్కువ. నెఫ్రాన్, గుండె పటం ఒక్కోటి ఆరేడు నిమిషాల్లో గీసి భాగాలు గుర్తించడం గడియారం పెట్టుకుని సాధన చెయ్యి.

ఆంధ్రప్రదేశ్ గురుకులాల వాళ్లకు ఈ లెక్క వర్తించదు. అక్కడ మ్యాథ్స్ 100 మార్కులు (12 ఒక మార్కువి, 8 రెండువి, 8 నాలుగువి, 5 ఎనిమిదివి), చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాలతో కలిపి మూడుంపావు గంటలు.

ఒక పేపర్ పాడైపోయింది. మిగతావి రాసి ఏం లాభం?

చాలా లాభం. బస్సులో తిరిగొచ్చేటప్పుడు జవాబులు పోల్చుకోవడం దగ్గరే సగం నష్టం జరుగుతుంది, ఆ మాటలు వద్దని ముందే స్నేహితులతో ఒప్పందం చేసుకోండి. ఫెయిలయ్యాననుకున్నవాళ్లు పాసైన సందర్భాలే ఎక్కువ. ఒకవేళ నిజంగా పోయినా ఆ ఒక్క సబ్జెక్టే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో రాయొచ్చు, విద్యా సంవత్సరం పోదు. ఆ రోజు అన్నం తిని గంట పడుకుని లేచి తర్వాతి పుస్తకం తియ్యి.

## తల్లిదండ్రులు అడిగేవి

ఆదివారం కలవడానికి వస్తున్నాం. ఏం తేవాలి?

పల్లీ పట్టీలు, నువ్వుల ఉండలు, సకినాలు, అరటిపళ్లు, జామపళ్లు. బిర్యానీ తెచ్చేటట్టయితే మీరున్నప్పుడే తినిపించండి. మార్చి ఎండలో మధ్యాహ్నం దాకా మూత పెట్టి ఉంచిన మాంసం రాత్రికి వాంతులు, విరేచనాలు తెస్తుంది. అలాంటప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్‌కు ఒక లీటరు) కలపాలి. గ్లాసులో కొంచెం పొడి వేసి ఇవ్వడం తప్పు. ఇక మాట విషయం. ‘అప్పు చేసి చదివిస్తున్నాం’, ‘పక్కింటి పిల్లకు ఇన్ని వచ్చాయి’ అనేవి ఆ రోజు వద్దు. ఇంట్లో గొడవ, జబ్బు ఉంటే అబద్ధం చెప్పకుండా, పిల్ల చెయ్యగలిగింది ఏమీ లేని వివరాలు మాత్రం ఆపండి.

పరీక్షల దాకా ఇంటికి తీసుకెళ్లి చదివించుకుంటే మంచిది కాదా?

సాధారణంగా కాదు. ఐదింటికి లేచే అలవాటు ఇంట్లో మూడు రోజుల్లో పోతుంది. ఫోను, టీవీ, పెళ్లిళ్లు, చుట్టాలు ఉంటాయి. సందేహం వస్తే అడగడానికి టీచర్ ఉండరు. అంటువ్యాధి సోకినా, బెంగతో తిండి మానేసినా, హౌస్ టీచర్‌తో మాట్లాడి నాలుగైదు రోజులు తీసుకెళ్లడం సబబే. అప్పుడు తిరిగి దించే తేదీ ముందే పిల్లలకు చెప్పండి.

## చివరి పేపర్ అయ్యాక

మార్కులు తక్కువ వచ్చాయనిపిస్తే?

ఫలితాలు వచ్చిన 15 రోజుల్లోపు దరఖాస్తు చెయ్యాలి. మార్కులు తిరిగి కూడడానికి సబ్జెక్టుకు 500 రూపాయలు, పేపరు తిరిగి సరిచూసి జిరాక్స్ కాపీ ఇవ్వడానికి 1,000 రూపాయలు. ఇంటికి వెళ్లిపోయి ఉంటారు కాబట్టి గడువు తెలియకుండా గడిచిపోతుంది. ప్రిన్సిపాల్ ఆఫీసు నంబర్ రాసుకుని వెళ్లండి.

పాలిసెట్ కూడా రాద్దామనుకుంటున్నా. ఎప్పుడు చదవాలి?

టెన్త్ పరీక్షలు అయ్యాకే. పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) మేలో ఉంటుంది, ప్రశ్నలన్నీ టెన్త్ సిలబస్ నుంచే. ఇంజినీరింగ్ డిప్లొమాలకు లెక్కలోకి వచ్చేవి మ్యాథ్స్ 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30 మార్కులు. దరఖాస్తు మాత్రం ముందే చెయ్యాల్సి రావచ్చు, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం కాపీలు సిద్ధంగా పెట్టుకో.

ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

లైబ్రరీ పుస్తకాలు, హాస్టల్ దుప్పటి, పరుపు అప్పగించి సంతకం తీసుకో. బాకీ ఉంటే టీసీ దగ్గర ఆగుతుంది. హాల్ టికెట్ పారెయ్యకు, ఫలితాలు చూడాలన్నా సప్లిమెంటరీకి, మెమోకు అన్నా అదే కావాలి. పాఠ్యపుస్తకాలు, నోట్సులు చింపెయ్యకుండా తొమ్మిదో తరగతి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇవ్వు. లెక్కల నోట్సు, ఫిజికల్ సైన్స్ మాత్రం పాలిసెట్ అయ్యేదాకా నీ దగ్గరే ఉంచుకో.